కండర శక్తి పరిశోధన: యెల్లాప్రగడ సుబ్బారావు నుంచి వంశీ మూతా దాకా

కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ పుడుతుంది, ఎలా నిల్వ ఉంటుంది, శ్రమ చేసేకొద్దీ ఒంటి సత్తువ ఎందుకు పెరుగుతుంది, పడక మీద ఉంటే ఎందుకు తరిగిపోతుంది అన్న ప్రశ్నలకు జవాబులు వెతికే విజ్ఞాన విభాగం కండర శక్తి పరిశోధన. శరీరధర్మ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం ఇక్కడ కలుస్తాయి. ఈ విభాగం చరిత్రలో తెలుగు నేల మీద పుట్టిన ఇద్దరికి ముఖ్యమైన చోటు ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు 1920లలో కండరంలోని శక్తి నిల్వలను రసాయనికంగా గుర్తించిన బృందంలో ఒకరు. కాకినాడలో పుట్టిన వంశీ మూతా 2000 తరువాత ఆ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా జన్యువులకు విస్తృతమైన జాబితాను కూర్చాడు, మధుమేహ రోగుల కండరంలో ఆ జన్యువుల పని ఎలా తగ్గుతుందో చూపాడు. ఈ వ్యాసం వారిద్దరి కృషిని, వ్యాయామం మీద ప్రపంచంలో జరిగిన ప్రధాన పరిశోధనలను వివరించి, శ్రమతోనే బతుకు సాగిన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఆ విజ్ఞానం ఏం చెబుతుందో పరిశీలిస్తుంది.

కండరానికి ఇంధనం

కండరపు నారల్లో యాక్టిన్, మయోసిన్ అనే రెండు ప్రోటీన్ల పోగులు ఉంటాయి. నాడి నుంచి సంకేతం అందగానే కణంలో దాచి ఉన్న కాల్షియం బయటపడుతుంది. మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, నార కుంచించుకుంటుంది. ప్రతి లాగుడుకూ అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే అణువు ఒకటి ఖర్చవుతుంది. దీన్నే ఏటీపీ అంటారు. కండరంలో ఏ క్షణానికైనా నిల్వ ఉండే ఏటీపీ చాలా తక్కువ. పూర్తి బలంతో పరుగెత్తితే అది రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. అయినా అయిపోదు. ఖర్చయిన వెంటనే తిరిగి తయారవుతూనే ఉంటుంది.

తయారీకి మూడు దారులున్నాయి. మొదటిది ఫాస్ఫోక్రియాటిన్. ఇది తన ఫాస్ఫేట్‌ను అప్పటికప్పుడు ఇచ్చి ఏటీపీని నిలబెడుతుంది, కానీ తీవ్రమైన శ్రమలో సుమారు పది సెకన్లకే అడుగంటుతుంది. రెండోది ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విరిచి లాక్టేట్‌గా మార్చే దారి. ఇది వేగమైనది, కానీ ఒక గ్లూకోజ్ అణువుకు దక్కేది రెండు ఏటీపీలే. మూడోది కణంలోని చిన్న శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా. అదే గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా దహిస్తే సుమారు 30 ఏటీపీలు వస్తాయి, కొవ్వు కూడా ఇక్కడే ఇంధనమవుతుంది. పొద్దంతా నాట్లు వేసినా, కొండెక్కినా, మైళ్ల కొద్దీ నడిచినా ఆ పని జరిగేది ఈ మూడో దారి మీదే.

యెల్లాప్రగడ సుబ్బారావు: నిల్వల గుర్తింపు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1920ల ఆరంభంలో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. వారు మొదట సాధించింది కొలత. రక్తంలో, కణజాలంలో ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు మార్పు ద్వారా లెక్కకట్టే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్, సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు వాడుకలో నిలిచింది.

ఆ కొలత కొత్త ఆవిష్కరణకు దారి తీసింది. కండరం నుంచి తీసిన సారంలో ఫాస్ఫరస్ లెక్క వారికి స్థిరంగా రాలేదు. సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. ఏదో అస్థిరమైన సమ్మేళనం విరిగిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోందని వారు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతిని ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఈ పదార్థాన్ని గమనించారు. కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గడం, విశ్రాంతినిస్తే తిరిగి పెరగడం ఫిస్క్, సుబ్బారావులు చూపించారు. పనికీ రసాయనానికీ నేరుగా లంకె దొరికింది. 1929లో వారు కండరం నుంచి ఏటీపీని వేరుచేసిన వివరాలు ప్రచురించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది ఏటీపీని గుర్తించాడు.

అప్పటికి కండర శాస్త్రంలో రాజ్యమేలుతున్నది లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం. కండరం కుంచించుకోవడానికి ఆ ఆమ్లమే కారణమని భావించేవారు. ఈ రంగంలో చేసిన పనికే ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలే పుట్టకుండా ఆపినా కండరం కొంతసేపు పనిచేస్తుందని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అని నిరూపించాడు. సుబ్బారావు బృందం కనుగొన్న పదార్థం పాత సిద్ధాంతాన్ని తోసిపుచ్చడానికి ఆధారమయింది.

సుబ్బారావు 1940లో మందులు తయారుచేసే లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లాడు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, క్యాన్సర్ చికిత్సకు బాట వేసిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాలు, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి ఆవిష్కరణల వెనుక ఆయన నాయకత్వం ఉంది. 1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశాడు. మందుల వల్ల ఆయన పేరు నిలిచింది కానీ, ప్రతి జీవరసాయన పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయాల్లో ఉండే ఏటీపీ కథలో ఆయన భాగం మన పాఠశాలల్లో చెప్పవలసినంతగా చెప్పడం లేదు. ఈ లోటు తీరాలి.

మైటోకాండ్రియా: నిర్మాణం, పని

మైటోకాండ్రియాకు రెండు పొరలుంటాయి. లోపలి పొర మడతలు మడతలుగా ఉంటుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఆ పొరలోని నాలుగు ప్రోటీన్ సముదాయాల గుండా సాగి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ప్రయాణంలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి చేరతాయి. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు అయిదో సముదాయమైన ఏటీపీ సింథేజ్‌ను తిప్పుతూ వస్తాయి. శ్రీరాంసాగర్ జలాశయంలో ఎత్తున నిలిపిన నీటిని కాకతీయ కాలువకు వదులుతూ టర్బైన్లు తిప్పి కరెంటు తీసే పద్ధతి లాంటిదే ఇది. ఈ భావనను 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించాడు. మొదట చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. సింథేజ్ తిరిగే తీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్ 1997లో ఆ బహుమతిని పంచుకున్నారు.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. మనిషిలో దాని పొడవు 16,569 అక్షరాలని 1981లో కేంబ్రిడ్జి బృందం తేల్చింది. అందులో 37 జన్యువులున్నా ప్రోటీన్లను తయారుచేసేవి 13 మాత్రమే. మైటోకాండ్రియాలో ఉండే మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్ల సమాచారం కణకేంద్రకంలో ఉంటుంది. అవి బయట తయారై లోపలికి చేరాలి. ఆ వెయ్యి ఏవో తెలియకపోతే వ్యాధుల మూలాలూ తెలియవు, వ్యాయామం ఏం మారుస్తుందో కూడా పూర్తిగా తెలియదు. వంశీ మూతా కృషికి ప్రాధాన్యం ఇక్కడే.

శ్రమతో మారే కండరం

పని లేకపోతే ఒళ్లు ఎంత త్వరగా తగ్గుతుందో 1966లో డాలస్‌లో జరిగిన అధ్యయనం చూపింది. ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు యువకులు మూడు వారాలు పడక మీదే ఉన్నారు. ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తరువాత శిక్షణతో తిరిగి పెరిగింది. ముప్పై ఏళ్ల తరువాత అదే అయిదుగురిని పరీక్షించినప్పుడు, ఆ మూడు వారాల పడక చేసిన నష్టం ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఎక్కువని తేలింది.

లోపల ఏం మారుతుందో 1967లో జాన్ హాలోజీ చెప్పాడు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఎలుకలను కొన్ని వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించాడు. వాటి కాలి కండరంలో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. అంతకుముందు వ్యాయామం అంటే గుండె, ఊపిరితిత్తుల సంగతి అనుకునేవారు. శ్రమకు కండర కణమే తనను తాను మలుచుకుంటుందని హాలోజీ నిరూపించాడు. స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ 1962లో సూదితో కండరం ముక్క తీసే పద్ధతిని వాడుకలోకి తేవడంతో మనుషుల్లోనూ ఇదే పరీక్ష చేయడం సాధ్యమయింది.

ఈ మార్పును నడిపే ప్రధాన ప్రోటీన్ 1998లో బ్రూస్ స్పీగల్‌మన్ ప్రయోగశాలలో దొరికింది. దాని పేరు పీజీసీ-1 ఆల్ఫా. శ్రమలో కండర కణంలో కాల్షియం పెరుగుతుంది, ఏటీపీ ఖర్చు వల్ల ఇంధన కొరతను పసిగట్టే ఏఎంపీకే అనే ఎంజైము మేలుకుంటుంది. ఈ సంకేతాలు పీజీసీ-1 ఆల్ఫాను పెంచుతాయి. అది కేంద్రకంలోని వందలాది మైటోకాండ్రియా జన్యువులను ఒకేసారి పనిలోకి దించుతుంది. ఎలుకల కండరంలో దీన్ని ఎక్కువగా తయారయ్యేట్టు చేస్తే, అలసట లేకుండా ఎక్కువ సేపు పనిచేసే నెమ్మది నారల లక్షణాలు పెరిగాయని 2002లో తేలింది. అంటే కండరం అడిగితేనే మైటోకాండ్రియా పెరుగుతాయి. అడగడం మానేస్తే తగ్గుతాయి.

వంశీ మూతా

జీవితం. కాకినాడలో పుట్టిన వంశీ మూతా అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం బోమాంట్‌లో పెరిగాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణిత, గణన శాస్త్రాలు చదివాడు. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు కలిసి నడిపే వైద్య విద్యా కార్యక్రమంలో 1998లో వైద్య పట్టా పొందాడు. హార్వర్డ్ వైద్య పాఠశాలలో ఆచార్యుడిగా, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో, హోవార్డ్ హ్యూస్ వైద్య సంస్థ పరిశోధకుడిగా పనిచేస్తున్నాడు. 2004లో మెకార్థర్ ఫెలోషిప్, 2014లో భారత ప్రభుత్వ పద్మశ్రీ అందుకున్నాడు. అదే 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు.

గణితం నేర్చిన వైద్యుడు కావడం ఆయన పరిశోధనకు ప్రత్యేక ముద్ర వేసింది. ఒక్క జన్యువును పట్టుకుని జీవితమంతా దాని వెంట పోవడం ఆయన దారి కాదు. వేల కొలతలను ఒకేసారి ముందుంచుకుని, వాటిలో క్రమం వెతికి, ఆ క్రమం చూపిన చోట ప్రయోగం చేస్తాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే రాబర్ట్ బాలబన్‌తో కలిసి గుండె కండరంలోని మైటోకాండ్రియా గరిష్ఠంగా ఎంత శక్తిని తయారుచేయగలవో లెక్కకట్టాడు. ఆ పని 1997లో వెలువడింది.

మధుమేహ కండరం. 2003లో డేవిడ్ ఆల్ట్‌షూలర్, లీఫ్ గ్రూప్, స్పీగల్‌మన్ తదితరులతో కలిసి ఆయన ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఒక మలుపు. స్వీడన్‌కు చెందిన 43 మంది పురుషుల తొడ కండరపు ముక్కల్లో వేల జన్యువుల పనితీరును కొలిచారు. వారిలో కొందరికి మధుమేహం ఉంది, కొందరిలో చక్కెర కొద్దిగా ఎక్కువ, మిగతావారు ఆరోగ్యవంతులు. ఒక్కొక్క జన్యువును విడిగా పోల్చితే స్పష్టమైన తేడా ఏదీ బయటపడలేదు. అప్పుడు మూతా జన్యువులను పనిని బట్టి గుంపులుగా చేసి, గుంపు మొత్తం ఒకే దిక్కుకు వంగుతోందా అని పరీక్షించాడు. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో ఏటీపీ తయారుచేసే జన్యువుల గుంపు మధుమేహం ఉన్నవారిలో సుమారు 20 శాతం తగ్గి కనిపించింది. తగ్గింది కొంచెమే, కానీ గుంపులోని జన్యువుల్లో అత్యధికం కలిసి తగ్గాయి. ఆ జన్యువుల్లో చాలావాటికి పీజీసీ-1 ఆల్ఫాయే సారథి. వాటి స్థాయికీ మనిషి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌కూ సంబంధం ఉందని కూడా ఆ అధ్యయనం చూపింది. వ్యాయామం పెంచే జన్యువులే మధుమేహంలో తగ్గుతున్నాయన్న సంగతి మొదటిసారి ఇంత స్పష్టంగా కనిపించింది.

ఇందుకు వాడిన గణిత పద్ధతిని జన్యుసముదాయ విశ్లేషణ అనవచ్చు. 2005లో అరవింద్ సుబ్రమణియన్ తదితరులతో కలిసి దాన్ని మరింత పకడ్బందీగా ప్రచురించారు. క్యాన్సర్ నుంచి పంటల జన్యుశాస్త్రం దాకా దాన్ని నేడు విస్తారంగా వాడుతున్నారు.

మైటోకార్టా. ఎలుకల 14 రకాల కణజాలాల నుంచి మైటోకాండ్రియాను వేరుచేసి, ప్రోటీన్లను గుర్తించి, గణన పద్ధతులతో సరిచూసి 2008లో మూతా బృందం మైటోకార్టా అనే జాబితా ప్రకటించింది. అందులో 1,098 జన్యువులున్నాయి. తరువాత సవరించిన మూడో కూర్పులో మనిషికి సంబంధించి 1,136 జన్యువులు చేరాయి. పుట్టుకతో కండర బలహీనత, మూర్ఛలు, చూపు సమస్యలతో బాధపడే పిల్లల జన్యు పరీక్షలో ఎక్కడ వెతకాలో ఈ జాబితా వైద్యులకు దారి చూపుతుంది. అవయవాన్ని బట్టి మైటోకాండ్రియా కూర్పు మారుతుందని కూడా ఇది తేల్చింది. గుండెలో ఉండే మైటోకాండ్రియా, కాలేయంలో ఉండేవి ఒకటి కావు.

కాల్షియం ద్వారం. మైటోకాండ్రియా కాల్షియంను లోపలికి తీసుకుంటాయని 1960ల ఆరంభం నుంచే తెలుసు. ఏ ప్రోటీన్ ద్వారా తీసుకుంటాయో అర్ధ శతాబ్దం పాటు తేలలేదు. మూతా బృందం పరిణామ చరిత్రను ఆధారం చేసుకుంది. ఈ గుణం ట్రిపనోసోమ్ అనే ఏకకణ పరాన్నజీవిలో ఉంది, రొట్టెలు పొంగించే ఈస్ట్‌లో లేదు. కాబట్టి మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేని మైటోకాండ్రియా జన్యువుల్లోనే అది ఉండాలి. ఈ తర్కంతో 2010లో ఎంఐసీయూ1 అనే నియంత్రక ప్రోటీన్‌ను, 2011లో ఎంసీయూ అనే అసలు ద్వారాన్ని గుర్తించారు. ఇటలీలోని పాదువాలో రిజ్జూటో బృందం కూడా అదే ఏడాది ఎంసీయూను విడిగా కనుగొన్నది. దీని విలువ కండరంలో తేటగా కనిపిస్తుంది. కుంచించుకొమ్మని నారకు చెప్పే కాల్షియమే ఈ ద్వారం గుండా లోపలికి పోయి, ఇంధనం తయారీ పెంచమని మైటోకాండ్రియాకూ చెబుతుంది. ఖర్చు మొదలైన క్షణంలోనే ఉత్పత్తికీ ఆదేశం అందుతుంది. ఎంఐసీయూ1 జన్యువు చెడిన పిల్లల్లో కండర బలహీనత, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉంటాయని 2014లో మరొక బృందం గుర్తించింది.

ఆక్సిజన్ మీద కొత్త చూపు. లీ సిండ్రోమ్ పసిపిల్లల మెదడును దెబ్బతీసే మైటోకాండ్రియా వ్యాధి. ఈ వ్యాధి ఉన్న ఎలుకలను 21 శాతం ఆక్సిజన్ ఉండే మామూలు గాలిలో కాక 11 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే అవి చాలా ఎక్కువ కాలం బతికాయని 2016లో ఇషా జైన్, మూతా తదితరులు ప్రకటించారు. ఆక్సిజన్‌ను వాడుకోలేని కణానికి మిగిలిపోయిన ఆక్సిజనే హాని చేస్తుందన్నది వారి వివరణ. ఇది మనుషులకు ఇంకా చికిత్స కాలేదు. రోగి ఇంట్లో ప్రయత్నించవలసిన పని అసలే కాదు. కానీ మందు లేని వ్యాధికి ఆలోచించడానికి కొత్త దిక్కు దొరికింది.

భారతీయుల కండరం

మధుమేహ కండరంపై మూతా బృందం 2003 నాటి ఫలితం తరువాత మైటోకాండ్రియా తగ్గడమే మధుమేహానికి మూలమని చాలామంది భావించారు. 2004లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మధుమేహ రోగుల సంతానంలో, ఇంకా జబ్బు రాకముందే, కండరపు ఏటీపీ తయారీ తగ్గి ఉందని చూపారు. ఆ తరువాత ఈ వాదానికి ఎదురు సాక్ష్యాలు వచ్చాయి. కండర మైటోకాండ్రియా పనిని కావాలని తగ్గించిన ఎలుకలకు 2007 నాటి ఒక ప్రయోగంలో మధుమేహం రాలేదు, పైగా వాటికి రక్షణ దొరికింది.

మన పాఠకులకు అత్యంత ముఖ్యమైనది మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఉన్న భారతీయుల కండరాన్ని ఉత్తర ఐరోపా మూలాలున్న అమెరికన్ల కండరంతో పోల్చారు. భారతీయుల్లో ఇన్సులిన్‌కు స్పందన చాలా తక్కువగా ఉంది. అయినా మధుమేహం ఉన్నా లేకపోయినా వారి మైటోకాండ్రియా సామర్థ్యం ఐరోపా వారికన్నా ఎక్కువగా తేలింది. అంటే మన దగ్గర మధుమేహం ఇంతగా పెరగడానికి మైటోకాండ్రియా కొరత ఒక్కటే కారణమని చెప్పలేం. పొట్ట చుట్టూ కొవ్వు, కాలేయంలో కొవ్వు, తిండి, కదలిక లేని బతుకు కలిసి చూడవలసినవి. ఐరోపా వారి కండరం మీద తేలిన సంగతిని మనకు అలాగే అన్వయించుకోకూడదని ఈ ఒక్క అధ్యయనమే చెబుతుంది.

నాయర్ బృందమే 2017లో వ్యాయామం గురించి మరో ముఖ్యమైన ఫలితం ప్రకటించింది. 18 నుంచి 30 ఏళ్ల వారిని, 65 నుంచి 80 ఏళ్ల వారిని పన్నెండు వారాలు శిక్షణలో ఉంచారు. మధ్యమధ్య కొద్దిసేపు తీవ్రంగా శ్రమించే పద్ధతిలో యువకుల మైటోకాండ్రియా సామర్థ్యం 49 శాతం, పెద్దల్లో 69 శాతం పెరిగింది. డెబ్బై ఏళ్ల కండరం కూడా అడిగితే పలుకుతుంది.

కరీంనగర్, ఆదిలాబాద్: శ్రమ, విశ్రాంతి, రక్తం

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగి, పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వంటి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ నేల కండరమే ప్రధాన పెట్టుబడిగా చాలా కాలం నడిచింది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి బొగ్గు గనుల్లో కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) టబ్బులు నింపేవారు. గీత కార్మికులు మోకు బిగించుకుని తాళ్లెక్కేవారు. తునికాకు కోసం అడవిలో, పత్తి ఏరడానికి చేలల్లో ఆడవాళ్లు పొద్దంతా వంగి పనిచేసేవారు. కేస్లాపూర్ నాగోబా జాతర కోసం గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. గోండుల దండారి పండుగలో గుస్సాడీ నర్తకులు రాత్రంతా ఆడే ఆట ప్రధానంగా మైటోకాండ్రియా మీద నడిచే శ్రమ.

రెండు తరాల్లో చాలా పనులు మారాయి. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వస్తుంది, భూగర్భంలోనూ యంత్రాలు నింపుతున్నాయి. వరి కోతకు యంత్రం వస్తుంది. బండ్లు ఇంటింటికీ చేరాయి. సిరిసిల్ల మరమగ్గం కార్మికుడు గంటల తరబడి నిలబడతాడు, జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. రెండు చోట్లా అలసట ఉంది, కానీ పెద్ద కండరాలకు, గుండెకు చాలినంత పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2014లో ప్రకటించిన అధ్యయనంలో దేశంలో పరీక్షించిన వారిలో 54.4 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని తేలింది.

కష్టం చేసేవాడికి వ్యాయామం ఎందుకన్న మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. దీనికి శాస్త్రం ఇచ్చే జవాబు జాగ్రత్తగా వినాలి. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ తదితరుల అధ్యయనాల ప్రకారం తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంది, బరువైన కూలి పని అదే మేలు చేయడం లేదు. పనిలో బరువు ఎక్కువ, వేగం మన చేతిలో ఉండదు, మధ్యలో విశ్రాంతి ఉండదు, రక్తపోటు గంటల తరబడి ఎక్కువగా నిలుస్తుంది. కండరం పెరిగేది శ్రమలో కాదు, శ్రమ తరువాతి విశ్రాంతిలో, తిండిలో. కూలి పనివాడికి చాలని కూడు, నిద్ర ఇవ్వకుండా ఆయన బలాన్ని పొగడడం న్యాయం కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనికి రోజుకు 2,110 కిలోకేలరీలు, బరువు పనికి 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి అవి 1,660, 2,720. బరువు పని చేసినా ఇంటి కంచంలో అందరికన్నా తక్కువ దక్కేది తరచూ ఆడవాళ్లకే.

రక్తం సంగతి ఇంకా తీవ్రమైనది. తెలంగాణలో సంతానోత్పత్తి వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. ఇనుము హిమోగ్లోబిన్‌కే కాదు, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లకూ కావాలి. కాబట్టి ఇనుము తక్కువైన స్త్రీకి ఆక్సిజన్ చేరేదీ తక్కువ, చేరినదాన్ని వాడుకునేదీ తక్కువ. ఆమె అలసటను బద్ధకం అనడం తప్పు.

ఆదిలాబాద్ గోండు, కొలాం సమాజాల్లో సికిల్‌సెల్ జన్యువు ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చినవారికి ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి రక్తనాళాలను మూసేస్తాయి. ఎండలో నీళ్లు తాగకుండా చేసే తీవ్ర శ్రమ వారికి ప్రమాదం. మెల్లగా మొదలుపెట్టి, నీళ్లు తాగుతూ, అలసట రాగానే ఆగే వ్యాయామం వైద్యుడి సలహాతో చేయవచ్చు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం పరీక్షలను విస్తరిస్తోంది. ఆశ్రమ పాఠశాలల్లో ఆటల మాస్టారుకు ఏ విద్యార్థికి ఈ జబ్బు ఉందో తెలిసి ఉండటం ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

వ్యాయామం ఎంత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ కావాలి. మాట్లాడగలిగేంత, పాడలేనంత ఊపిరి ఆడే నడక మధ్యస్థ శ్రమ కిందికి వస్తుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మెట్లెక్కడం దీనికి తోడ్పడతాయి. మైటోకాండ్రియా జన్యు వ్యాధులున్నవారిలోనూ వైద్య పర్యవేక్షణలో చేసిన ఓర్పు శిక్షణ కండరపు సామర్థ్యాన్ని పెంచిందని డాలస్‌లో రోనాల్డ్ హాలర్, తాన్యా తైవస్సలోల పరిశోధనలు చూపాయి.

అంచనా

దాదాపు వంద ఏళ్లలో ఈ విజ్ఞానం ఫాస్ఫరస్ కొలత నుంచి వెయ్యికి పైగా జన్యువుల జాబితా దాకా వచ్చింది. ఖర్చయ్యే శక్తిని సుబ్బారావు తరం గుర్తించింది, ఆ శక్తిని పుట్టించే యంత్రాంగాన్ని మూతా తరం విడమరిచింది. ఇద్దరూ పని చేసింది అమెరికాలోనే. వారి కండరపు నమూనాలు కూడా ఇక్కడివి కావు. బీడీ కార్మికురాలి కండరం, రిటైరైన గని కార్మికుడి కండరం, రోజూ కొండదారుల్లో నడిచే కొలాం స్త్రీ కండరం ఎలా ఉన్నాయో, వాటి మధ్య తేడా ఎంతో చెప్పే కొలతలు మనకు కావాలి. ఆదిలాబాద్ రిమ్స్‌తో పాటు 2022, 2023లలో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడవగలడు, చేతి పట్టు బలం ఎంత, రక్తంలో ఇనుము ఎంత అన్న మూడు పరీక్షలకు పెద్ద ఖర్చు లేదు. ఏటా ఒక్కో కళాశాల విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్లలో వాటిని క్రమంగా చేసి రాసిపెట్టినా, పదేళ్లలో ఈ ప్రాంతపు శ్రమజీవుల ఆరోగ్యం గురించి ఇప్పుడు మన దగ్గర లేని సమాచారం చేతికొస్తుంది. ఎవరికి నడక కావాలో, ఎవరికి ముందు విశ్రాంతి, ఇనుము, కడుపునిండా తిండి కావాలో అప్పుడు ఊహతో కాక లెక్కతో చెప్పగలం.